పారే స్ఫటికం, వెడల్పు తెర

కొల్లూరు అనగానే చాలామందికి వజ్రాల గని స్ఫురిస్తుంది. ఆ కొల్లూరు వేరు. అది పల్నాటి సీమలో కృష్ణ ఒడ్డున ఉండేది. దాని గనుల నేల నేడు పులిచింతల జలాశయం అడుగున ఉన్నది. తెనాలికి దిగువన, డెల్టాలో ఉన్న కొల్లూరులో వజ్రాలు లేవు. ఐతే ఒక వింత స్ఫటికం మాత్రం అక్కడి కంప్యూటరు బల్లలమీద కూడ కనిపిస్తుంది. వజ్రం స్ఫటికాలలో మిక్కిలి కఠినమైనది. ఇది పారే స్ఫటికం.

దీనిని మొదట గమనించినవాడు వృక్షశాస్త్రజ్ఞుడు. 1888లో ప్రేగ్ నగరంలో రైనిట్జర్ ఒక కొలెస్టరాల్ సమ్మేళనాన్ని కరగించగా, 145.5 డిగ్రీలవద్ద మబ్బుగా ఉన్న ద్రవమైంది, 178.5 డిగ్రీలవద్ద గాని తేటపడలేదు. ఆ మబ్బు ద్రవం వెలుగుపట్ల స్ఫటికంవలె ప్రవర్తిస్తున్నదని జర్మనీలో లేమన్ చూపాడు. వరి కోసి పనలు వేసినప్పుడు కంకులన్నీ ఒకే దిక్కుగా ఉంటాయి గదా! ఈ ద్రవంలోని కడ్డీలవంటి అణువులు కూడ అంతే. చోటు మారుతుంటాయి, దిక్కు మాత్రం తప్పవు.

1970లో స్విట్జర్లండులోని బాజెల్‌లో షాట్, హెల్ఫ్రిక్ అనేవారు దీనితో వెలుగుకు తలుపు చేశారు. రెండు గాజుపలకల నడుమ మిల్లీమీటరులో కొద్ది వేయవవంతుల మందాన ద్రవస్ఫటికం ఉంటుంది. కడ్డీల వరుస పైపలక నుంచి కిందిపలకకు 90 డిగ్రీలు మెలితిరుగుతుంది. వెలుగు కంపించే దిశ కూడ దానితో తిరిగి, పలకలకు వెలుపల ఉన్న ధ్రువణ పొరలగుండా బయటపడుతుంది. విద్యుత్తు ఇస్తే కడ్డీలు నిలబడతాయి, వెలుగు ఆగిపోతుంది. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డువరుసలు గల మానిటరులో 20,73,600 చుక్కలుంటాయి. ఒక్కొక్క చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం కిటికీలు మూడేసి, అనగా మొత్తం 62,20,800.

తలుపు సరే, గది వేడిమివద్ద పనిచేసే పదార్థమేది? 1969లో జర్మనీలో కెల్కర్ తయారుచేసిన ఎంబీబీఏ సుమారు 21 నుంచి 47 డిగ్రీల వరకు ద్రవస్ఫటికంగా ఉంటుంది. తేమ తగిలితే చెడిపోవడం దాని లోపం. 1973లో ఇంగ్లండులో గ్రే బృందం ప్రకటించిన సయనోబైఫినైళ్లు దానిని పక్కకు నెట్టినవి. కాని ఎంబీబీఏ కుటుంబాన్ని శాస్త్రం వదలలేదు. తెనాలికి చేరువలోనే, 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయంలో పిసిపాటి, ఎన్.వి.ఎస్. రావు ప్రభృతులు 1980లలో ఆ కుటుంబపు సమ్మేళనాల సాంద్రతను, వేడిమి కొద్దికొద్దిగా మారుస్తూ, కొలిచారు. దశ మారేచోట సాంద్రత ఒక్కసారిగా మారితే ఒక రకపు పరివర్తనం, తిన్నగా ఒరిగితే మరొకటి. ఆ సమ్మేళనాలు మానిటర్లలోకి వెళ్లలేదు. ఐనా పనల వరుస ఎక్కడ ఎట్లా చెదురుతుందో ఇటువంటి ఓపికగల కొలతలే చెప్పాలి.

తెర వెడల్పైన కొద్దీ మరొక చిక్కు వచ్చింది. పక్కనుంచి చూస్తే నలుపు బూడిదరంగైపోతుంది. 16:9 నిష్పత్తిగల 21.5 అంగుళాల తెర వెడల్పు సుమారు 47.6 సెంటీమీటర్లు. సరిగా నడుమ, అర మీటరు దూరంలో కూర్చున్నవాడు కూడ అంచులను 25 డిగ్రీల వాలుగా చూడవలసిందే. పెట్టెమీద మెరుపును గురించి పెద్ద అక్షరాలు అచ్చువేస్తారు గాని, ఒక్క తెరచుట్టూ నలుగురు మూగే మన ఊళ్లలో చూపుకోణమే ముఖ్యం.

దీనికి మందు పాతికేళ్లకు దొరికింది. దాని మూలం బెంగుళూరులో ఉన్నది. 1977లో అక్కడి రామన్ పరిశోధనా సంస్థలో చంద్రశేఖర్, సదాశివ, సురేష్ అనేవారు కడ్డీలు గాక పళ్లాలవంటి అణువులు గల ద్రవస్ఫటికాన్ని కనుగొన్నారు. అంతవరకు కడ్డీలకే ఈ గుణం ఉంటుందని భావించేవారు. పొడవు దిశలో కంపించే వెలుగును కడ్డీ ఎక్కువగా నెమ్మదింపజేస్తుంది; పళ్లెం తన ఇరుసు దిశలో తక్కువగా. కనుక వాలుచూపులో కడ్డీ తెచ్చే దోషాన్ని పళ్లెం సరిచేయగలదు. 1990ల నడుమ జపానులోని ఫూజీ సంస్థ ఆ జాతి అణువులను క్రమంగా వాల్చి, గట్టిపరచి, పలుచని పొరగా తయారుచేసింది. మెలితిరిగిన కడ్డీల మానిటర్లకు ఈ పొరను అతికించారు. అదే కాలంలో హిటాచీ సంస్థ కడ్డీలను నిలబెట్టకుండా, పలకకు సమాంతరంగానే తిప్పే మరొక దారి పట్టింది. నేటి వెడల్పు తెరలలో అనేకం ఆ దారివే.