దానమిచ్చిన గుండె - దాగియున్న వ్యాధి

1994 ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో మన దేశమున సఫలమైన తొలి గుండె మార్పిడి జరిగినది. ఆ శస్త్రచికిత్స నిర్వహించిన డాక్టరు పి. వేణుగోపాల్ రాజమహేంద్రవరమున జన్మించిన తెలుగువారు. జీవన్మృతుని అవయవముల దానమును అంగీకరించు శాసనము ఆ జులైలోనే రాష్ట్రపతి ఆమోదము పొందినది. అంతకు పూర్వము 1968లో బొంబాయిలో డాక్టరు పి. కె. సేన్ ఈ ప్రయత్నము చేసిరి గాని, రోగి కొన్ని గంటలకు మించి జీవింపలేదు.

గుండెను మార్చుట ఒక యెత్తు. మార్చిన గుండె నిర్దోషమైనదా యనుట మరియొక యెత్తు. ఈ రెండవ ప్రశ్నకును చరిత్ర కలదు.

1967 డిసెంబరు 3న కేప్‌టౌనులో డాక్టరు క్రిస్టియన్ బర్నార్డు ప్రపంచమున మొదటిసారిగా మానవునికి మానవుని గుండె నమర్చెను. ఆయన రెండవ రోగి ఫిలిప్ బ్లైబర్గు 1968 జనవరి 2న పొందినది ఇరువది నాలుగేండ్ల యువకుని గుండె. పందొమ్మిది నెలలు జీవించి ఆయన మరణింపగా, ఆ గుండెకు రక్తము నందించు ధమనులు క్రొవ్వుతో మిక్కిలి పూడియుండుట కనబడినది. క్రొత్త శరీరము పరాయి అవయవమును సహింపకపోవుటయే ఇట్టి వ్యాధికి ముఖ్యకారణమని తరువాత తేలినది.

అయినను, యౌవనమున ధమనులు నిర్మలములని నమ్మరాదు. కొరియా యుద్ధమున మరణించిన మూడువందల అమెరికను సైనికుల గుండెలను పరీక్షించి, సగటున ఇరువది రెండేండ్ల వారైనను, నూటికి 77 మందిలో వ్యాధి చిహ్నములున్నవని 1953లో ప్రకటించిరి. 2001లో క్లీవ్‌లాండు వైద్యులు మార్పిడి జరిగిన కొలది వారములకే 262 మంది ధమనులలోనికి సన్నని శబ్దతరంగ సాధనమును పంపి చూచిరి. సగమునకు మించిన గుండెలలో దాతనుండియే వచ్చిన క్రొవ్వుపొర కానవచ్చినది. ఇరువదేండ్లలోపు దాతలలో నూటికి 17, ఏబది దాటినవారిలో 85 వంతున ఇది యుండెను. యాంజియోగ్రాము రక్తము పారు దారిని మాత్రమే చూపును. గోడలో దాగిన పొర దానికి చిక్కకపోవచ్చును.

మనకిది దూరపు మాట కాదు. దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు ఇతరులకంటె అయిదారేండ్లు ముందుగా, సగటున ఏబది మూడవ యేటనే వచ్చుచున్నదని 2004లో ఒక అంతర్జాతీయ పరిశీలన తెలిపినది. కావున నలువదేండ్లు దాటిన దాతకు యాంజియోగ్రాము ఎంతయో అవసరము. శరీరమునుండి తీసిన గుండె సుమారు నాలుగు గంటలలో మరల కొట్టుకొనవలెను. లండను మిషను వారి క్యాంబెల్ ఆసుపత్రితో పేరొందిన మన జమ్మలమడుగు నుండి ఆ వ్యవధిలో రోడ్డు దారిన హైదరాబాదు చేరుట అసాధ్యము. పరీక్షయు, గుండెను తీయుటయు తగిన సాధనములున్న ఆసుపత్రిలోనే జరుగవలెను.

దోషమున్న ప్రతి గుండెను త్రోసిపుచ్చుటయు న్యాయము కాదు. వేచియున్న రోగికి గడువు లేదు. స్వల్పదోషమైనచో వైద్యులు గ్రహింతురు. ఒక్కొక్కప్పుడు అమర్చునప్పుడే బైపాసు చేయుదురు. తీవ్రమైనచో విడుతురు. అట్లు విడిచినను దాత కుటుంబము చిన్నబుచ్చుకొన నక్కరలేదు. గుండె పనికిరాకున్నను మూత్రపిండములు, కాలేయము, కన్నులు ఇతరులకు ఉపకరింపవచ్చును. దానము వ్యర్థము కాదు.