ఫ్రీమేసనుల స్వపరిపాలన

ఫ్రీమేసనరీ యనగానే ఎచ్చటనో ఒక అధినాయకుడు కూర్చుండి ప్రపంచమందలి సభ్యుల నందరను శాసించుచున్నాడని పలువురు తలంతురు. కాని యీ సంఘమునకు జగదధిపతి యెవ్వడును లేడు. సామాన్యముగా ఏ దేశపు గ్రాండ్ లాడ్జి ఆ దేశమున స్వతంత్రమైనది. అమెరికా సంయుక్త రాష్ట్రములందు దేశమంతటికి ఒక్క గ్రాండ్ లాడ్జి యైనను లేదు. ఏ రాష్ట్రమున కా రాష్ట్రమే ప్రత్యేకముగా పాలించుకొనును.

లండను నగరమున నాలుగు లాడ్జీలవారు 1717 జూన్ 24వ తేదీన ఒక పానశాలలో సమావేశమై మొదటి గ్రాండ్ లాడ్జిని స్థాపించిరని సంప్రదాయము. 1723లో దాని నిబంధన గ్రంథము వెలువడినది. నాటి కట్టుబాటు నేటికిని నిలిచియున్నది. క్రింద లాడ్జి, పైన గ్రాండ్ లాడ్జి. లాడ్జి సభ్యులు ఏటేట ఒక మాస్టరు నెన్నుకొందురు. గ్రాండ్ లాడ్జి యొసగిన అనుజ్ఞాపత్రము లేనిదే లాడ్జి చెల్లదు. లాడ్జీల మాస్టర్లకు గ్రాండ్ లాడ్జి సభలో స్థానము కలదు. ఆ సభకు అధ్యక్షుడు గ్రాండ్ మాస్టరు.

గ్రాండ్ లాడ్జీలను ఒకదానితో నొకటి ముడివేయునది ఆజ్ఞ కాదు; పరస్పర గుర్తింపు. దైవవిశ్వాసము సభ్యత్వమునకు ముఖ్య నియమము. ఫ్రాన్సులోని గ్రాండ్ ఓరియంట్ 1877లో ఈ నియమమును తొలగింపగా, ఇంగ్లండు వారు దానితో సంబంధము తెంచుకొనిరి. అంతకుమించిన శిక్ష విధించు అధికారము వారికి లేదు.

మన దేశమున లాడ్జీలు పదునెనిమిదవ శతాబ్దముననే వెలసినవి. కాని అధికారము మాత్రము ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండులయందే యుండెను. హైదరాబాదున గోషామహల్ బారాదరిలో కూడిన లాడ్జీలకును అనుజ్ఞ సముద్రముల కావలినుండియే రావలసి యుండెను. ఇందువలని చిక్కు సామాన్యమైనది కాదు. సోదరభావమునకు మతభేదము లేదని చెప్పుకొను సంఘములోనే, కలకత్తా వాసి ప్రసన్నకుమార దత్తు హిందువగుటచే ఏండ్ల తరబడి వాకిట నిలువవలసి వచ్చెను. స్థానికాధికారి అడ్డగింపగా వివాదము లండను వరకు పోయెను. తుదకు 1872లో ఆయనకు ప్రవేశము లభించినది.

స్వాతంత్ర్యానంతరము, 1961 నవంబరు 24వ తేదీన, ఢిల్లీలో భారత గ్రాండ్ లాడ్జి ప్రతిష్ఠితమైనది. రాంపూరు నవాబు సయ్యద్ రజా అలీ ఖాన్ ప్రథమ గ్రాండ్ మాస్టరు. ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు గ్రాండ్ లాడ్జీలు మూడును దీనికి సమ్మతించినవి. తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ ప్రాంతములకు వేర్వేరు శాఖ లేర్పడి దాని పాలనను నడపుచున్నవి.

ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. క్రొత్త గ్రాండ్ లాడ్జిలో చేరుటయో, మానుటయో ప్రతి లాడ్జి తానే నిర్ణయించుకొనెను. కొన్ని పూర్వపు అధికారము క్రిందనే నిలిచినవి; నేటికిని అట్టివి మన దేశమున కలవు. ఒకే నగరమున భిన్నాధికారములకు లోబడిన లాడ్జీలవారు పరస్పరము రాకపోకలు సాగించుచున్నారు. వాకిట నిలిపిన కాలమును ఎరిగిన సంఘము, స్వపరిపాలన చేపట్టిననాడు ఎవరిని బలవంతముగా లోనికి లాగకుండుట ప్రశంసనీయము.