చైను మరక

మరకల్లో ఎన్ని జాతులున్నాయో ఏ ఇల్లాలినడిగినా చెబుతుంది. పసుపు మరక చూడ్డానికి భయపెడుతుంది గానీ ఉతికి ఎండలో ఆరేస్తే దానంతటదే వెలిసిపోతుంది. తాంబూలం మరక కాస్త మొండిది. జీడి మరక అసలు పోదు; పోదు కనకనే చాకలి దానితోనే బట్టలకు గుర్తు పెట్టేవాడు. ఇక వీటన్నిటినీ తలదన్నేది ఒకటుంది. ప్యాంటు కుడికాలు అంచున, పంచె కుచ్చెళ్ళ కొసన, పరికిణీ బుట్టా మీద నల్లగా నవ్వుతూ కూర్చుంటుంది. అదే సైకిలు చైను మరక! ఎప్పుడూ కుడివైపేనేం అంటారా? చైను ఉండేది కుడివైపు కనక.

ఈ మరక వయసెంతో లెక్క కట్టవచ్చు. ఒకప్పటి సైకిళ్ళకు ముందుచక్రం మనిషి భుజాలదాకా ఉండేది, పెడళ్ళు దానికే బిగించి ఉండేవి. చైనే లేదు, ఇంక చైను మరకెక్కడిది? 1885లో ఇంగ్లండులోని కవెంట్రీలో జాన్ కెంప్ స్టార్లీ అనే ఆయన రెండు చక్రాలూ ఇంచుమించు సమానంగా ఉండి, వెనకచక్రం చైనుతో తిరిగే రోవర్ సైకిలును బజారుకు తెచ్చాడు. చైను సైకిలు నిలదొక్కుకున్నది దానితోనే. మూడేళ్ళు తిరక్కుండా 1888లో డన్‌లప్ గాలి టైరు కనిపెట్టాడు. సరిగ్గా ఆ 1888లోనే లీవర్ బ్రదర్స్ వారి సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. గాలి టైరూ, బార్ సబ్బూ ఒకే ఏడాదివన్నమాట. మరక వెనకాలే మందు కూడా బయల్దేరినట్టు లేదూ?

సైకిలెక్కిన దొరలకు తొలినాళ్ళలోనే పట్టుకున్న బెంగ దుమ్ము. ఇంగ్లండులో 1878లో సైకిలు యాత్రికుల సంఘం ఒకటి పుట్టింది. సభ్యులందరికీ ముచ్చటగా ముదురాకుపచ్చ ఉన్ని కోటూ, మోకాళ్ళదాకా లాగూ కుట్టించుకోమన్నారు. తీరా చూస్తే ఆ పచ్చరంగు మీద రోడ్డు దుమ్మంతా కొట్టొచ్చినట్టు కనిపించింది. దాంతో బూడిదరంగుకు మార్చారు. ఉతకడం కుదరనప్పుడు మురికి రంగునే ముందుగా వేసుకుంటే సరి! పిల్లల స్కూలు నిక్కర్లకు మన తల్లులు రంగు ఎంచే సూత్రం కూడా ఇదే కదా.

ఆడవాళ్ళ బెంగ వేరు. నేల ఊడ్చే గౌనుతో సైకిలెక్కితే అది చైనులో పడుతుంది, చువ్వల్లో చుట్టుకుంటుంది. మరక మాట దేవుడెరుగు, మనిషే పడిపోతుంది. అందుకని కొందరు ధైర్యవంతులు వదులు లాగూలు తొడిగారు. 1881లో స్త్రీల దుస్తుల సంస్కరణకని లండన్‌లో సంఘం పెట్టిన హార్బర్టన్ ప్రభ్వి 1898లో అలాంటి లాగూతోనే సైకిలు మీద వెళ్ళి, దారిలో ఒక హోటల్లో భోజనం అడిగింది. ఈ వేషంతో మా పెద్ద గదిలోకి రానివ్వమన్నారు హోటలువాళ్ళు. వ్యవహారం కోర్టుదాకా వెళ్ళింది. మరుసటి ఏడు జూరీ హోటలు యజమానురాలి పక్షమే తీర్పు చెప్పింది. ప్రభ్వి ఓడిపోయింది గానీ లాగూ ఓడిపోలేదు. అప్పటికే 1894లో బోస్టన్ నుంచి ప్రపంచయాత్రకు బయల్దేరిన యానీ లండన్‌డెరీ, మొదట గౌనుతో ఎక్కి, షికాగో చేరేసరికి లాగూలోకి మారింది.

కొందరు లాగూకి బదులు సైకిలునే మార్చారు. అడ్డకడ్డీని కిందికి వంచి, చైనుకు తొడుగు వేసి, వెనకచక్రానికి వల కట్టి ‘లేడీస్ సైకిలు’ అన్నారు. బట్ట మారదు, బట్టకోసం ఇనుమే వంగింది! మద్రాసులో టి.ఐ. సైకిల్స్ 1949లోనూ, సోనీపట్‌లో అట్లాస్ 1951లోనూ, లుధియానాలో హీరో 1956లోనూ మొదలయ్యాక సైకిలు పల్లెపల్లెకూ చేరింది. అయినా లేడీస్ సైకిలు ఉన్న ఇళ్ళెన్ని? తమ్ముడిదో, నాన్నదో పెద్ద సైకిలే గతి. 1991-92లో తమిళనాడు పుదుక్కోట జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంతోపాటు వేలాది పల్లెపడుచులు సైకిలు నేర్చుకున్నారు. కలెక్టరు షీలారాణి చుంకత్ ఆ పనికి నడుం కట్టారు. అక్కడ చాలామంది మగవాళ్ళ సైకిలే మేలన్నారట. ఎందుకో తెలుసా? ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు! కుచ్చెళ్ళు ఎగదోపి, కొంగు బిగించి, ముందు బిడ్డ, వెనక నీళ్ళబిందె. ఆ సాయంత్రం ఆ చీరకెంత మసి అంటి ఉంటుందో ఆలోచించండి. అది ఉతుక్కున్నది కూడా ఆ తల్లే.

ఇక్కడే అసలు సంగతి ఒకటుంది. బట్టలు తొడిగినవాళ్ళ చరిత్ర దొరుకుతుంది, తొక్కినవాళ్ళ చరిత్ర దొరుకుతుంది. ఉతికినవాళ్ళ చరిత్రో?

దానికోసం దూరం పోనక్కర్లేదు, జనగామ వైపు చూస్తే చాలు. తరిగొప్పుల ఇవాళ జనగామ జిల్లాలో ఒక మండల కేంద్రం. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు మండలమయింది. కాజీపేట, సికిందరాబాదు మధ్య రైలు ఆగే జనగామే ఈ చుట్టుపక్కల పల్లెలకు బస్తీ. కరువుసీమగా పేరుపడ్డ ప్రాంతం. చెరువు నిండితేనే పంటా, చెరువు నిండితేనే చాకిరేవూ.

సబ్బు రాకముందు ఈ రేవుల్లో బట్ట ఎలా తెల్లబడేదనుకున్నారు? చవుడుతో. తెలంగాణా వాళ్ళు సౌడు అంటారు. ఎండాకాలం చవిటినేల మీద తెల్లగా బూజులా పొంగే మన్ను అది. అందులో ఉండేది మనం కొట్లో కొనే సోడా ఉప్పులాంటి క్షారమే. బట్టల్ని ఆ నీళ్ళలో ముంచి తీసి, మరుగుతున్న బాన మీద చుట్టూ పేర్చి, రాత్రంతా ఆవిరి పట్టిస్తారు. దాన్నే ఉబ్బ వేయడం అంటారు. నూనె జిడ్డు క్షారంతో కలిసి తానే సబ్బుగా మారిపోతుంది. తెల్లారి బండ మీద నాలుగు దెబ్బలు వేస్తే మురికి చెరువులో కలుస్తుంది. కాలేజీలో చెప్పే రసాయనశాస్త్రమే ఇది! కాకపోతే పట్టుకూ ఉన్నికీ చవుడు పనికిరాదు, క్షారానికి ఆ పోగు చివికిపోతుంది. వాటికి కుంకుడుకాయ నురగ. ఏ బట్టకేది వాడాలో అక్షరం ముక్క రాని చాకలి అమ్మకు వేళ్ళ కొసన ఉండేది.

అంత విద్యకు ప్రతిఫలమేమిటి? రైతుల ఇళ్ళలో పంటనాడు కొంత గింజ, పూటపూటకీ ఇంత అన్నం. దొర గడీలో మాత్రం అదీ లేదు, వెట్టి. నిజాం కాలంలో ఊరి దేశ్‌ముఖుకూ, క్యాంపు వచ్చిన అధికారులకూ బట్టలు ఊరికే ఉతకాలి. కాదంటే దెబ్బలు.

జనగామ జిల్లాలోనే పాలకుర్తి ఉంది. అక్కడ చిట్యాల ఐలమ్మ అనే రజక స్త్రీ మల్లంపల్లి భూస్వామి దగ్గర భూమి కౌలుకు తీసుకుని సేద్యం మొదలుపెట్టింది. చాకిబండ దగ్గర ఉండాల్సిన మనిషి పొలం గట్టు మీద నిలబడడం విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డికి గిట్టలేదు. ఐలమ్మ ఆంధ్ర మహాసభ సంఘంలో చేరింది. చేతికొచ్చిన పంటను దోచుకుపోవడానికి దొర మనుషులు వస్తే, సంఘం కార్యకర్తలు అండగా నిలిచి ధాన్యాన్ని ఆమె ఇంటికే చేర్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు నేలకొరిగాక ఆ నిప్పు తెలంగాణా అంతా పాకింది. ఐలమ్మ మాత్రం తొంభయ్యేళ్ళు బతికి, 1985 సెప్టెంబరు 10న కన్నుమూసింది.

బట్ట ఉతకడమనేది చిన్న పనేం కాదని ఎందుకంటున్నానో ఇప్పుడర్థమైంది కదూ? ఎవరి మురికి ఎవరు, ఎంతకు ఉతకాలి అన్న ప్రశ్న మీద ఈ నేల మీద పోరాటమే జరిగింది.

తరవాతి కథ సబ్బుపొడులది. 1959లో సర్ఫ్ వచ్చింది. ధర మాత్రం మధ్యతరగతివాళ్ళు డబ్బా మూత తీసి వాసన చూసి పెట్టేయాల్సినంత! 1969లో అహమ్మదాబాదులో కర్సన్‌భాయి పటేల్ అనే ప్రభుత్వోద్యోగి ఇంటి పెరట్లో పసుపుపచ్చని పొడి కలిపి, కూతురు నిరుపమ పేరు మీద నిర్మా అని పేరు పెట్టి, సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి అమ్మాడు. కిలో మూడు రూపాయల చిల్లర. ఇన్నాళ్ళూ బట్టలు మాపిన సైకిలు, ఈసారి బట్టలు తెల్లబరిచే పొడిని మోసుకొచ్చి రుణం తీర్చుకుంది.

ఆ కాలంలోనే బట్టా మారింది. 1941లో మాంచెస్టరు వాళ్ళు కనిపెట్టిన టెరిలిన్, మన దగ్గరికి టెరికాటన్‌గా వచ్చి పెళ్ళికొడుకుల ప్యాంటుగా స్థిరపడింది. ఉబ్బ అక్కర్లేదు, గంజి అక్కర్లేదు, ఇస్త్రీ కూడా పైపైనే. ఇంటి ఇల్లాలు బకెట్లో ముంచి తీసేస్తే చాలు. వినడానికి బాగానే ఉంది గానీ, ఒక మాట గమనించారా? చాకిరేవు పని తగ్గలేదు, చోటు మారింది. రేవులో వాళ్ళకు తిండిగింజలు తగ్గాయి, పెరట్లో మనకు నడుం నొప్పి వచ్చింది. పైగా అవి బెల్‌బాటం రోజులు. ఆ ప్యాంటు అంచు జానెడు వెడల్పున ఊగుతూ నేరుగా చైనులోకే దారి తీసేది. క్లిప్పు పెట్టుకోమంటే కుర్రాళ్ళకు నామోషీ.

ఇక ఈ తరం. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన సూర్యఫలకాల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట 2023 అక్టోబరులో తెరిచారు. తెల్లారేసరికి అక్కడ తొక్కేవాళ్ళ ఒంటికి అతుక్కుపోయిన బట్టలు చూస్తే అమ్మమ్మలు బుగ్గలు నొక్కుకుంటారు. వాటి సాగే గుణమంతా 1958లో డ్యూపాంట్ కంపెనీలో జోసెఫ్ షివర్స్ కనిపెట్టిన పోగుది. లాగూ లోపల మెత్త ఒకటి ఉంటుంది. పూర్వం పందేలవాళ్ళకు ఆ చోట ఉన్ని లాగూలో మెత్తటి తోలు ముక్క కుట్టేవారు. ఉతికితే అది అప్పడంలా బిగుసుకుపోయేది, మళ్ళీ నూనె రాసి చేత్తో మర్దించి మెత్తబరచాలి. ఇప్పుడు తోలు పోయి స్పాంజి వచ్చింది.

అబ్బాయో, అమ్మాయో అలాంటి జత తెచ్చి బకెట్లో పడేస్తే ఏం చేయాలంటారా? ముందుగా, నానబెట్టి మర్చిపోకండి, విప్పిన పూటే ఉతకాలి. చెమట నిలవుంటే ఆ మెత్తలో క్రిములు పెరిగి, తొక్కేవాళ్ళకు ఒరుపులూ సెగ్గడ్డలూ లేస్తాయి. లోపలివైపు బయటికి తిప్పి, జిప్పు మూసి, చన్నీళ్ళలో కొద్దిపాటి సబ్బునీళ్ళతో పిసకండి. బండకేసి బాదకండి. మెలిపెట్టి పిండితే మెత్త ముక్కలవుతుంది. పొడి తువ్వాల్లో చాపలా చుట్టి అదిమితే నీళ్ళు దిగిపోతాయి. బ్లీచింగూ, వేడినీళ్ళూ, ఇస్త్రీ మూడూ సాగే పోగుకు శత్రువులు. సువాసన కోసం పోసే మెత్తదనం మందు కూడా వద్దు. అది పోగులకు పూతలా పట్టి చెమట పీల్చనివ్వదు. నీడలో, గాలి పారేచోట ఆరేయండి.

చైను మరకకు మాత్రం పాత వైద్యమే. తడి తగలకముందే శనగపిండో సుద్దపొడో చల్లి జిడ్డు పీల్పించి దులపాలి. తరవాత గిన్నెలు తోమే సబ్బు వేలితో రుద్ది, పావుగంట ఆగి, జాడించాలి. నీళ్ళు ముందు పోస్తే నూనె లోపలికి పాకి, చైను అరిగిన ఇనుపరజను కూడా వెంట తీసుకుపోతుంది. అన్నిటికంటే మంచి మందు, తొక్కేవాళ్ళే ఆదివారంనాడు పాతగుడ్డతో చైను తుడవడం. వాళ్ళ చేతికి మసి అంటితే మన చేతికి తప్పుతుంది.

2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. అక్కడ చదివే ఆడపిల్లల సర్టిఫికెట్ల మీద ఇకనుంచీ ఆ పేరే ఉంటుంది. బాగానే ఉంది. వాళ్ళ అన్నదమ్ములు ఎవరైనా సైకిలు తొక్కి ఇంటికొచ్చి, చెమటబట్టలు చెల్లెలి బకెట్లో పడేయబోతే మాత్రం, “ఇదిగో సబ్బు, అదిగో కుళాయి” అని చూపించే అలవాటు ఇంకా మనిళ్ళలో రావాలి. ఆ చదువు చెప్పాల్సింది మనమే, ఏమంటారు?