సరుకుంది, చేరలేదు!

కొత్త సాఫ్టువేరు పెట్టేస్తే ఉద్యోగులు వాళ్ళే అలవాటు పడతార్లే అనేవాళ్ళకి నేను హెర్షీ కథ చెప్తుంటాను. ఆ అమెరికా చాక్లెట్ల కంపెనీ సుమారు 11.2 కోట్ల డాలర్లు పోసి, నాలుగేళ్ళ పనిని రెండున్నరేళ్ళకి కుదించి, 1999 జూలైలో శాప్‌తో పాటు మరో రెండు సాఫ్టువేర్లకి మారింది. అదీ హాలోవీన్ గిరాకీ ముందు! గోడౌన్లలో సరుకుంది, కానీ దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు. రద్దీ రోజుల్లో పెట్టెలు ఏ ఖాళీ గదుల్లో సర్దుతారో పనిచేసేవాళ్ళకి తెలుసు, కంప్యూటర్‌కి తెలీదు. 2002లో శాప్ కొత్త వెర్షన్‌కి మారినప్పుడు మాత్రం ముందే గట్టిగా పరీక్షించుకున్నారు, గొడవ లేకుండా అయింది.

శిక్షణంటే ఏ బటన్ నొక్కాలో నేర్పడమేనా? ముందు వాళ్ళ పని మనం నేర్చుకోవద్దూ?