ఎన్ని భాషలు వచ్చినా మనసు పాట మీదికే



"ఆయనకు పది భాషలు వచ్చునట" అని ఎవరైనా అంటే మనం వెంటనే చేతులు జోడిస్తాం. "మరి ఆయనకు ఏ పుస్తకం ఇష్టమట?" అని మాత్రం ఎవరమూ అడగం. నాకు ఆ రెండో ప్రశ్న మీదే ఆసక్తి. ఎన్ని భాషలు నేర్చాడన్నది చదువు సంగతి. అన్నీ చదివాక దేన్ని గుండెకు హత్తుకున్నాడన్నది రుచి సంగతి. వానకు మొహంవాచిన మా కడప సీమలో అలాంటి పాఠకులు ఇద్దరున్నారు. ఒకరు దొర, ఇంకొకరు ఆచార్యులవారు. ఇద్దరి మధ్యా నూరేళ్లకు పైగా ఎడం.

దొర ఎవరో మీరు ఊహించే ఉంటారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1798లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. కొడుక్కి చిన్నతనంలోనే హీబ్రూ, అరబ్బీ, పారసీ, సిరియాక్ నూరిపోశాడు. 1817లో మద్రాసుకు వచ్చాక తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడప కలెక్టరు హన్‌బరీ దగ్గర సహాయకుడుగా చేరాడు. ఆ కలెక్టరు జనంతో తెలుగులో ధారాళంగా మాట్లాడేవాడట. పుస్తకాల్లో నేర్చిన భాష వేరు, కచేరీ గుమ్మంలో వినిపించే భాష వేరు అని బ్రౌనుకు అక్కడ తెలిసివచ్చింది.

1824 ప్రాంతంలో, దుబాయ్ అనే ఫ్రెంచి పాదిరీ రాసిన గ్రంథంలో వేమన పేరు ఆయన కంటబడింది. ఇక వెతుకులాట మొదలైంది. పండితుల్ని అడిగితే వాళ్లకు వేమన ఒక కవిగానే ఆనలేదు. బండివాడూ బైరాగీ పాడుకునేదాన్ని కవిత్వం అంటారా అన్న చులకన! దొరకు మాత్రం ఆ పద్యాలే నచ్చాయి. ఊరూరి నుంచీ రాతప్రతులు తెప్పించాడు. ఒక ప్రతిలో ఉన్న మాట ఇంకొక ప్రతిలో ఉండదు. బియ్యంలో రాళ్లేరినట్టు పాఠాలు ఏరించి, 1829లో 693 పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చువేయించాడు. 1839 నాటికి అవి 1164 అయ్యాయి.

వేమన విగ్రహపూజను వెక్కిరించాడు గనుకనే దొరకు నచ్చాడని కొందరంటారు. అందులో కొంత నిజం ఉంటే ఉండవచ్చు. కానీ అదొక్కటే కారణమైతే, మనుచరిత్రకూ వసుచరిత్రకూ జూలూరి అప్పయ్య పండితులచేత వ్యాఖ్యానాలు రాయించి అచ్చువేయించే శ్రమ ఎందుకు? కడపలో బంగళా కొని, పండితుల్ని కూర్చోబెట్టి, తన జేబులోంచి జీతాలిచ్చి, అప్పులపాలవడం ఎందుకు? జనం దాన్ని బ్రౌన్ కాలేజీ అన్నారట. మన ఇళ్లలో ఎవరైనా పుస్తకాల కోసం అప్పుచేస్తే ఏమంటామో మీకు తెలుసు!

ఆయనకు ద్విపదలన్నా ప్రీతే. ద్విపద అంటే రెండేసి పాదాలుగా, పాటలాగా సాగిపోయే నడక. ఇంట్లో ఆడవాళ్లు పనిచేసుకుంటూ పాడుకున్న కథలు చాలావరకు ఆ నడకలోనివే. పండితులు వాటిని కింద కూర్చోబెట్టారు. కొత్తగా తెలుగు నేర్చేవాళ్లు ద్విపదలతో మొదలుపెట్టండి అన్నాడు బ్రౌను. 1852లో వచ్చిన ఆయన నిఘంటువు పేరులోనే, వ్యవహారంలో వాడే తెలుగూ కావ్యాల తెలుగూ రెండూ పక్కపక్కన ఉన్నాయి. మనం నోటితో అనే మాటకు కాగితం మీద చోటు దొరకడం చిన్న సంగతి కాదు.

అచ్చయిన వేమన తర్వాత వెండితెరకూ ఎక్కాడు. 1947లో వాహినీవారి 'యోగి వేమన' వచ్చింది. తీసినాయన కె.వి. రెడ్డిగారు, అనంతపురం జిల్లా తాడిపత్రి మనిషి. వేమనగా నాగయ్యగారు. ఆయన గొంతులో వేమన విన్నవాళ్లకు పండితుల సర్టిఫికెట్టుతో పనేముంది?

ఇక రెండో పాఠకుడు పుట్టపర్తి నారాయణాచార్యులుగారు. 1914లో అనంతపురం జిల్లా చియ్యేడులో పుట్టి, పెనుగొండలో పెరిగారు. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరది. ఆ శిథిలాల మధ్య తిరిగిన కుర్రవాడు పదిహేనేళ్లయినా నిండకముందే 'పెనుగొండలక్ష్మి' రాశాడు. తర్వాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే తన పుస్తకమే తనకు పాఠ్యగ్రంథంగా ఎదురైందని చెబుతారు. ఇంగ్లీషు సాహిత్యం రుచిచూపించింది అక్కడి సబ్‌కలెక్టరు భార్య పిట్ దొరసాని. సంగీతం, నాట్యం కూడా చిన్నప్పుడే పట్టుబడ్డాయి. ఆయనకు పద్నాలుగు భాషలు వచ్చునని లోకంలో పేరు.

విశ్వనాథవారి 'ఏకవీర'ను ఆయన మలయాళంలోకి మార్చారు. మధుర నాయకరాజుల కాలం నాటి ఆ కథను మనలో చాలామందిమి 1969లో వచ్చిన సినిమాగా ఎరుగుదుం. ప్రొద్దుటూరులో ఉన్నప్పుడు అగస్త్యేశ్వరుడి కోవెలలో ఆయన 'శివతాండవం' రాశారు. చదివితే సగమే అందుతుంది. గొంతెత్తితే మద్దెల దరువు వినిపిస్తుంది. అందులో శివుడి తాండవంతోపాటు పార్వతి లాస్యమూ ఉంది. నాకైతే ఆ లాస్యమే ఎక్కువ ఇష్టం. నాట్యం నేర్చిన ఒళ్లు కాబట్టి అలా రాయగలిగింది అనిపిస్తుంది. నిఘంటువులు తిరగేస్తే ఆ అడుగులు దొరకవు.

ప్రాకృతం దాకా వెళ్లివచ్చిన ఈ మనిషి కూడా పెద్దతనంలో రామాయణం రాయాలనుకున్నప్పుడు బరువైన వృత్తాలు పక్కనపెట్టి, పాడుకోవడానికి వీలైన మాత్రాఛందస్సునే పట్టుకున్నారు. పేరు 'జనప్రియ రామాయణం'. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. 1979లో ఈ రామాయణానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1990లో కన్నుమూశారు.

కడపలో బ్రౌన్ బంగళా ఉన్న చోటే, జానుమద్ది హనుమచ్ఛాస్త్రిగారి పట్టుదలవల్ల ఆయన పేరిట గ్రంథాలయం వెలిసింది. తాళపత్రాలూ ఉన్నాయి. 2006 నుంచి దాని బాగోగులు చూస్తున్నది అక్కడి యోగి వేమన విశ్వవిద్యాలయం.