బీమా మదింపు: అభిప్రాయమా? తీర్పా?



కారు నేడు పట్టణములకు మాత్రమే చెందిన వస్తువు కాదు. పల్లెలలో ధాన్యపు కొట్టు ప్రక్కను కూడ అది నిలుచుచున్నది. కారుతో బీమా వచ్చినది. బీమాతో ఒక క్రొత్త తగవును వచ్చినది. కారు దెబ్బ తినును. మరమ్మతు చేయువారు ఒక మొత్తము చెప్పుదురు. కంపెనీ పక్షమున వచ్చిన సర్వేయరు అంతకు మిక్కిలి తక్కువ మొత్తము వ్రాయును. అంతట యజమాని "పెద్ద కంపెనీవారు లెక్క కట్టినారు, ఇక మన మాట యేమి చెల్లును?" అని చేవ్రాలు చేసి ఊరకుండును. ఆ కాగితము న్యాయస్థానపు డిక్రీ యని ఆతని నమ్మకము. ఆ నమ్మకము సరియైనది కాదని చరిత్ర చెప్పుచున్నది. ఆ చరిత్రను సంగ్రహముగా మనవి చేసెదను.

నష్టమునకు గాని లాభమునకు గాని పరులు వచ్చి వెల కట్టుట మనకు క్రొత్త కాదు. ఉత్తర సర్కారులలో పంటను పాలు పంచుకొను పద్ధతి యున్న దినములలో, కోతకు ముందే చేనిలో తిరిగి ఫలసాయమును నిర్ణయించుటకు అంచనాదారులు ఉండెడివారు. రాజభాగము వారి నోటిమాటపై ఆధారపడినది. ఆ మాట సరికాదని తోచినపుడు రైతు ఊరకుండక, చేనిలో కొంత కోయించి, నూర్పించి, కొలిచి చూడుడని అడిగెడివాడు. అంచనాకు ఎదురు కొలత యుండవలెనను న్యాయము మన పెద్దలకు తెలిసినదే.

సముద్రమునకు ఆవలను ఇట్లే జరిగినది. 17వ శతాబ్ది చివర లండను నగరమున ఎడ్వర్డు లాయిడు అను నాతని కాఫీ దుకాణమున ఓడల యజమానులును, వర్తకులును, నష్టభారము వహించువారును కూడుచుండిరి. నేటి లాయిడ్సు సంస్థకు మూలము ఆ దుకాణమే. ఓడ మునిగెనా లేదా యనునది ఒక ప్రశ్న. ఎంత సొమ్ము ఈయవలె ననునది వేరొక ప్రశ్న. తగవులలో హెచ్చు భాగము రెండవదానిపైననే పుట్టినవి. 1856 లో ఇట్టి యోడ తగవొకటి ఇంగ్లాండు ప్రభువుల సభ వరకు పోయెను. మొత్తమును ముందు మధ్యవర్తులు తేల్చవలెననియు, పిదపనే దావా వేయవలెననియు బీమా పత్రమున వ్రాసికొన్న షరతు చెల్లునని అచట తీర్పైనది. మన దేశపు మోటారు పాలసీలలోను ఇట్టి మధ్యవర్తి షరతు చిరకాలము ఉండెను. మొత్తము విషయమున ఉభయులకు భేదము కలుగుట సహజమని కంపెనీలే తమ పత్రములలో ఒప్పుకొన్నవన్నమాట.

ఇక మన దేశము. 1850 లో కలకత్తాలో ట్రైటన్ కంపెనీ వెలసినది. 1938 లో బీమా చట్టము, 1939 లో మోటారు వాహనముల చట్టము వచ్చినవి. దారిని పోవువానికి కలిగిన హానికై బీమా చేయించుట 1946 నుండి విధియైనది. తన కారునకు కలుగు నష్టమునకు చేయించు బీమా మాత్రము యజమాని యిష్టమునకే విడువబడినది. 1968 నాటి సవరణ మన కథలో ముఖ్యమైనది. 20,000 రూపాయలును, అంతకు మించిన నష్టములును లైసెన్సు గల సర్వేయరు చేతనే మదింపబడవలెనని అది విధించెను. ఈ పరిమితి తరువాత పెంచబడినది. భూములు కొలుచు సర్వేయరు వేరు, ఈతడు వేరు. కంపెనీ గుమాస్తా తన యిష్టము వచ్చినట్లు తగ్గింపకుండ, పని తెలిసిన వేరొకడు చూడవలెనని దాని భావము. ఐనను ఈతనిని నియమించునదియు, ఈతనికి రుసుము చెల్లించునదియు కంపెనీయే. చిక్కు ఇక్కడనే యున్నది.

ఈ చిక్కును 2009 లో సుప్రీము కోర్టు విప్పినది. ఒక వాహన ప్రమాదపు వ్యాజ్యమున, సర్వేయరు నివేదిక అవసరమే కాని అది కడపటి మాట కాదనియు, తగిన సాక్ష్యమున్నచో దానిని దాటి పోవచ్చుననియు చెప్పినది. ఆ సంవత్సరముననే వేరొక వ్యాజ్యమున, తమకు నచ్చిన నివేదిక వచ్చువరకు సర్వేయరు వెంట సర్వేయరును కంపెనీ నియమించుచు పోరాదనియు, నివేదికను కాదన్నచో కారణము చెప్పవలెననియు శాసించినది.

అయితే తగ్గించిన ప్రతి రూపాయియు అన్యాయమని తలంపరాదు. పాత వస్తువునకు బదులు క్రొత్తది వేసినపుడు అరుగుదల తీసివేయుదురు. 2002 నాటి భారత మోటారు టారిఫులో ఇందుకు పట్టిక యున్నది. రబ్బరు, ప్లాస్టికు భాగములకు నూటికి 50. గాజునకు ఏమియు లేదు. లోహ భాగములకు కారు వయస్సును బట్టి: 4 ఏండ్లు దాటి 5 లోపల 35, 5 దాటి 10 లోపల 40. రంగు ఖర్చులో నాల్గవ వంతును సరకుగా నెంచి అందు సగము తీయుదురు.

ఇటీవల మా ప్రాంతపు రైతొకరి కాగితములు నేను చదివితిని. కారు వయస్సు 4 సంవత్సరముల 5 నెలలు. లోహ భాగములు 40,000, ప్లాస్టికు 10,000, గాజు 6,000, రంగు 12,000, కూలి 8,000, వెరసి 76,000 రూపాయలు. పట్టిక ప్రకారము 26,000, 5,000, 6,000, 10,500, 8,000 కలిసి 55,500. యజమాని విధిగా భరింపవలసిన 1,000 పోగా 54,500 రావలెను. కంపెనీ వ్రాసినది 44,700. తేడా 9,800 ఎచట పుట్టినది? నలిగిన తలుపునకు 18,000 రూపాయల క్రొత్త తలుపు బదులు 3,000 తో సుత్తి పని చాలునని సర్వేయరు వ్రాసెను. అందు 8,700 పోయినది. కారు 5 ఏండ్లు దాటినదని పొరపాటుగా లెక్కించెను. మిగిలిన భాగములపై 1,100 పోయినది. ఆ రైతు "తక్కువ యిచ్చిరి" అని మొరపెట్టుకొనక, ఈ రెండు పద్దులను మాత్రమే చూపి, రిజిస్ట్రేషను నకలును, తలుపు సరి కాదని మరమ్మతు శాలవారు వ్రాసిన కాగితమును జతపరచి జాబు వ్రాసెను. తలుపును మరల చూచిరి. రెండు పద్దులును దిద్దిరి.

కావున ముందు నివేదిక నకలు అడుగవలెను. పద్దు పద్దుగా బిల్లుతో పోల్చవలెను. ప్రమాదము నాటి ఛాయాచిత్రములను దాచవలెను. తగవు తీరువరకు నలిగిన భాగమును పారవేయరాదు. "పూర్తిగా ముట్టినది" అను రసీదుపై తొందరపడి చేవ్రాలు చేయరాదు. మోసము, బలవంతము రుజువైనచో ఆ చేవ్రాలు అడ్డు కాదని 1999 లో సుప్రీము కోర్టు చెప్పినది గాని, ఆ రుజువు భారము మనపైననే పడును.

జాబునకు నెల దినములలో బదులు రాకున్నను, వచ్చినది తృప్తికరముగా లేకున్నను, బీమా అంబుడ్సుమను కలడు. 1998 నాటి నియమములతో ఏర్పడిన ఈ యధికారికి రుసుము ఈయనక్కరలేదు. కంపెనీ నిరాకరించిన యేడాది లోపల మొర వినిపింపవలెను. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములవారికి ఆ కార్యాలయము హైదరాబాదుననే యున్నది. 1986 నాటి చట్టముతో వచ్చిన వినియోగదారుల న్యాయస్థానములు 2019 నాటి చట్టము క్రింద జిల్లా కమిషనులుగా నడచుచున్నవి. అచట గడువు రెండేండ్లు.

గ్రామమున తగవు వచ్చినపుడు జనులు మొదట పెద్దలయిన మీ యొద్దకే వత్తురు. బీమా కాగితము తెచ్చిన వానితో "పోనిమ్ము, వచ్చినంత పుచ్చుకొనుము" అని చెప్పుటకు ముందు, ఆ లెక్కను ఒక్కమారు ఆతనితో కలిసి చదువుడని నా ప్రార్థన.