పారిస్‌లో తలల పంచాయితీ

మా మనవరాలి పెళ్లికి ఒక్క ముహూర్తం అలంకారానికే 40 వేలు చెప్పింది ఆ అమ్మాయి. రిసెప్షన్‌కి వేరే. జడ వేయడానికి ఇంకో మనిషి, ఆ లెక్క ఇంకోటి. ‘బ్యూటీషియన్‌కి అంతా?’ అన్నాను. ‘నేను బ్యూటీషియన్ని కాదండీ తాతగారూ, మేకప్ ఆర్టిస్టుని’ అంది. నాకు కోపం రాలేదు. మా నాన్న పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి, నూర్పిళ్లప్పుడు కళ్లంలో మేర గింజలు తెచ్చుకున్నవాడు. నేను తెనాల్లో తిరిగే కుర్చీ వేసి, బోర్డు మీద ‘హెయిర్ డ్రెస్సెస్’ అని రాయించి (ఆ తప్పు పెయింటరుది) నోట్లు పుచ్చుకున్నాను. మాట మారితే రేటు మారుతుందని నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

ఇదే మాట మీద పారిస్‌లో 1760ల చివర పెద్ద దావా నడిచింది. గడ్డాలు గీసేవాళ్లు, విగ్గులు కట్టేవాళ్లు, స్నానాలు చేయించేవాళ్లు, అందరిదీ అక్కడ ఒకటే సంఘం. అందులో స్థానం ఊరికే రాదు, డబ్బు కట్టి కొనుక్కోవాలి. అలా కొనుక్కున్న స్థానాన్ని ఆస్తిలాగే అమ్ముకోవచ్చు కూడా. ఈలోగా సంఘంలో లేనివాళ్లు కొందరు దొరసానుల గదుల్లోకి వెళ్లి జుట్టు అలంకరించడం మొదలుపెట్టారు. సొంత జుట్టులో సవరాలు కలిపి కొప్పులు లేపేవారు. జుట్టుతో పని చేసే హక్కు మాది, పైకం పోసి కొన్నాం, వీళ్లెవరు అని విగ్గుల మేస్త్రీలు కోర్టుకెక్కారు. చెప్పొద్దూ, నా సానుభూతి వాళ్లకే. అద్దె, లైసెన్సు కట్టి కూర్చున్నవాడికి ఎదురుగా ఏమీ కట్టనివాడొచ్చి గిరాకీ పట్టుకుపోతే ఎలా ఉంటుందో నేనెరుగుదును.

కొప్పులవాళ్ల వకీలు మాత్రం గట్టివాడు. విగ్గు కట్టడం చేతిపని, మాది చిత్రకారుడి పనిలాంటి కళ, కళకు సంఘం పగ్గాలేమిటి అని వాదన రాశాడు. పెళ్లిచూపుల నాటి కొప్పు పెళ్లికి పనికిరాదు, పెళ్లినాటిది మర్నాటికి నప్పదు, ఆ తేడా కనిపెట్టడానికి బుద్ధి కావాలన్నాడు. ఇప్పటి ప్యాకేజీలు గుర్తొచ్చి చదువుతూ నవ్వుకున్నాను.

వాళ్లలో లెగ్రో అనేవాడు ఒకప్పుడు వంటవాడు. బొమ్మల తలలకు రకరకాల కొప్పులు పెట్టి జనానికి చూపించాడు, బొమ్మలచ్చుతో పుస్తకం వేశాడు, బడి పెట్టి పనివాళ్లకు విద్య నేర్పాడు. నేర్చుకునేవాళ్లకు తల అప్పిచ్చే ఆడపిల్లల్ని కూలికి పెట్టుకునేవాడు. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడికి మొదట దొరికేది తమ్ముడి తలే, కూలి కూడా ఉండదు. లెగ్రో 1770 మేలో, యువరాజు పెళ్లి బాణసంచా చూడబోయిన జనం తొక్కిసలాటలో చచ్చిపోయాడు.

ఆ పెళ్లికూతురే మేరీ ఆంటోనెట్. ఆమె కొప్పు పని తర్వాత లెయొనార్ అనే కుర్రాడికి దక్కింది. రాణిగారి మంగలి రాణికే కట్టుబడి ఉండాలన్నది ఆచారం. ఊళ్లో పని మానేస్తే చెయ్యి మొద్దుబారుతుందని ఆమే అతన్ని బయటి తలలు చూసుకోనిచ్చింది. ఇంకేముంది, రాణి తల ముట్టిన చెయ్యి తమ తలా ముట్టాలని ప్రతి దొరసానికీ పుట్టింది. 1774లో తీగెలు, గుడ్డ, సవరాలతో ‘పూఫ్’ అనే కొప్పు వచ్చింది. రాజు మశూచి టీకా వేయించుకుంటే దానికో కొప్పు, 1778లో ఓడ యుద్ధం చేసి వస్తే తల మీద తెరచాపలతో సహా ఓడ. బండి పైకప్పు తగిలి, లోపల మోకాళ్ల మీద కూర్చుని వెళ్లేవారు. విప్పితే మళ్లీ కట్టించాలి, కాబట్టి రోజుల తరబడి అలాగే ఉంచి, దురదకు పొడుగాటి పుల్ల పెట్టుకునేవారు. పైన చల్లేది పిండి పొడి. రొట్టె పిండి ధర పెరిగి 1775లో జనం గిడ్డంగుల మీద పడినా, కొప్పుల మీద పొడి ఆగలేదు.

విగ్గులవాళ్ల దురదృష్టం లండన్‌లో ఇంకా చోద్యం. 1765లో, జనం సొంత జుట్టుతో తిరుగుతున్నారు, మా పొట్ట కొడుతున్నారు అని రాజుకి అర్జీ ఇవ్వడానికి ఊరేగింపుగా వెళ్లారు. చూస్తే వాళ్లలో చాలామందికే విగ్గుల్లేవు. జనం పట్టుకుని వాళ్ల జుట్టు కత్తిరించేశారు.

పారిస్ తగవు తీరింది 1777లో. కళాకారులమన్న కొప్పులవాళ్లలో 600 మందిని అదే మంగళ్ల సంఘంలో చేర్చుకున్నారు. నాలుగేళ్లకు ప్రసవం తర్వాత రాణికి జుట్టు రాలింది. లెయొనార్ తానే కత్తెర పట్టి పొట్టిగా చేశాడు. దొరసానులంతా కత్తిరించుకున్నారు. ఓడలూ తెరచాపలూ పోయాయి.

మొన్న ట్రయల్‌కి ఆ అమ్మాయి వచ్చింది. చక్రాల పెట్టె తెరిచి, తువ్వాలు పరిచి, దువ్వెనలు వరసగా పేర్చింది. మా నాన్నా అరుగు మీద అలాగే పేర్చేవాడు. తోక దువ్వెనతో పాపిడి తీస్తుంటే చూశాను, చెయ్యి వణకలేదు. ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, వాళ్ల నాన్నది మంగళగిరిలో సెలూన్ అంది. బోర్డు మీద ఏమని ఉంటుందని అడిగాను.